మూత తీయించే వాళ్ళకి సైన్సు కావాలి

హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి మేం చదువుకున్నది ఒక్క వాక్యం. అది కుళ్ళిన కోడిగుడ్ల వాసన గల వాయువు. పరీక్షలో ఆ మాట రాస్తే మార్కు వచ్చేది. కాలేజీ ల్యాబులో ఒక మూల కిప్ పరికరం ఉండేది. ఐరన్ సల్ఫైడు ముక్కల మీద పలచని ఆమ్లం పడితే ఆ గ్యాసు వచ్చేది. సాల్టు అనాలిసిస్ రోజున ముక్కు మూసుకుని దాన్ని పరీక్షనాళికలోకి పంపి, నల్ల అవక్షేపమో పసుపు అవక్షేపమో చూసుకుని, రికార్డు రాసి బయటపడేవాళ్ళం. మ్యాన్‌హోలులోకి దిగిన మనుషుల్ని చంపేది ఈ గ్యాసేనని ఏ మాస్టారూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేమే. 'ఫలానావాడికి గ్యాసు కొట్టిందంట' అనే మాట మా వాడల్లో చిన్నప్పటి నుంచీ విన్నాం. ఆ గ్యాసూ ల్యాబులో గ్యాసూ ఒకటేనని తెలుసుకోవడానికి మాకు యూనివర్సిటీ దాకా రావాల్సి వచ్చింది.

సామాన్య జనానికి సైన్సు ఎందుకు అని అడిగితే మన దగ్గర సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. మూఢనమ్మకాలు పోవడానికి అని ఒకటి. దేశం ముందుకు పోవడానికి అని రెండోది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధుల్లో కూడా చేరింది. వీటిని మేం కాదనం. కానీ వాడ నుంచి చూస్తే మూడో జవాబు ఒకటుంది. ఒకరికి తెలియకపోవడం వల్ల ఇంకొకరు చచ్చిపోకుండా ఉండడానికి సైన్సు కావాలి. మ్యాన్‌హోలు చావులు ఆ సంగతిని మిగతా అన్నిటికన్నా స్పష్టంగా చూపిస్తాయి.

మూత కింద ఏం జరుగుతుంది?

మురుగులో మలం, సబ్బునీళ్ళు, వంటింటి వ్యర్థాలు కలిసి ఉంటాయి. వీటిలో గంధకం ఉన్న పదార్థాలుంటాయి. కాలువ పూడి నీళ్ళు నిలిచిపోతే అడుగుభాగానికి గాలి అందదు. గాలి అక్కర్లేని బాక్టీరియా అక్కడ పెరుగుతుంది. మనం ఆక్సిజన్‌ని వాడుకున్నట్టు అది సల్ఫేటుని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడుని వదులుతుంది. దాంతోపాటు మీథేను, కార్బన్ డయాక్సైడు తయారవుతాయి. మామూలు గాలిలో 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్ మూత కింద తగ్గిపోతుంది. అది 19.5 శాతం కంటే తగ్గిన చోటు మనిషికి ప్రమాదమని పరిశ్రమల భద్రతా నియమాలు చెబుతాయి.

ఒక్క విషయం గమనించండి. మనిషిని దించేది ఎప్పుడు? కాలువ పూడిపోయినప్పుడు. అంటే గ్యాసు ఎక్కువగా తయారయ్యే సమయం చూసి మరీ మనిషిని దించుతున్నామన్నమాట.

ఈ గ్యాసు గాలికన్నా బరువు. గాలి సగటు అణుభారం 29, దీనిది 34. అందుకే గుంత అడుగున చేరి ఉంటుంది. పైన నిలబడ్డ మేస్త్రీకి ఏమీ తెలియకపోవచ్చు. దిగినవాడు మాత్రం దాని మధ్యలోకే దిగుతాడు.

ఇంకో సంగతి, బురదలో కరిగి ఉన్న గ్యాసు కదిలిస్తేనే బయటికొస్తుంది. సోడా సీసాని ఊపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. వెదురుబద్దతోనో పారతోనో పూడికని కెలికినప్పుడు జరిగేదీ అదే. దిగేముందు బాగానే ఉన్న గాలి, పని మొదలుపెట్టిన రెండు నిమిషాలకి విషం కావచ్చు. కనుక దిగేముందు ఒక్కసారి చూశాంలే అంటే చాలదు.

దీపం పెట్టి చూడటం మన దగ్గర పాత పద్ధతి. దీపం ఆరిపోతే ఆక్సిజన్ బాగా తగ్గిందని అర్థం, నిజమే. ఆరకుండా వెలిగితే విషవాయువు లేదని మాత్రం అర్థం కాదు. పైగా మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు రెండూ మండే వాయువులే. మీథేను గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ దీపమే పేలుడు తెస్తుంది. ముక్కుకి కట్టిన తువాలు గానీ, దుమ్ము ఆపే మాస్కు గానీ ఈ గ్యాసుని ఆపవు. దీన్ని కొలిచి చెప్పగలిగేది గ్యాసు డిటెక్టరు ఒక్కటే.

'వాళ్ళకి అలవాటే'

కార్మికుణ్ణి దించేటప్పుడు మనం అందరం విన్న మాట ఇది. "వాళ్ళకి అలవాటేనండీ, పది నిమిషాల పని." ఈ మాటని సైన్సు ముందు పెట్టి చూద్దాం.

పదిలక్షల పాళ్ళ గాలిలో ఈ గ్యాసు ఒక పాలుకన్నా తక్కువ ఉన్నా మనిషి ముక్కు పసిగడుతుంది. అది 100 పాళ్ళకి చేరితే కొద్ది నిమిషాల్లో వాసన తెలిసే నరం మొద్దుబారిపోతుంది. లోపలున్నవాడికి వాసన తగ్గిందనిపిస్తుంది. తగ్గింది వాసన కాదు, పనిచేయడం మానేసింది ముక్కు. 500 నుంచి 700 పాళ్ళయితే ఐదు నిమిషాల్లో తూలి పడిపోతాడు. 1000 దాటితే ఒకటి రెండు ఊపిరుల్లోనే కుప్పకూలతాడు. రక్తంలో చేరిన ఆ గ్యాసు, కణాలు ఆక్సిజన్‌ని వాడుకోవడానికి తోడ్పడే ఎంజైముని పట్టేసుకుంటుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఉన్నా కణానికి అది పనికిరాదు. శ్వాసని నడిపే మెదడు భాగం ఆగిపోతుంది. అరవడానికి కూడా సమయం ఉండదు.

కనుక పైనున్నవాళ్ళు 'అలవాటు' అనుకునేది నిజానికి చావుకి ముందొచ్చే గుర్తు కావచ్చు. ఏ కులంలో పుట్టినవాడి కణమైనా ఈ గ్యాసుకి ఒకే రకంగా లొంగిపోతుంది. మురికికి తట్టుకునే శరీరాలు కొన్ని, తట్టుకోలేని శరీరాలు కొన్ని ఉంటాయని చెప్పేది రసాయనశాస్త్రం కాదు, కులం. అంటరానితనం ఒక దురాచారమని పుస్తకాల్లో రాస్తారు. అది మనిషి శరీరం గురించిన తప్పుడు సిద్ధాంతం కూడా. ప్రభుత్వం నమస్తే పథకం కింద వివరాలు సేకరించినప్పుడు 2024 నాటికి లెక్కకొచ్చిన సుమారు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీలే. ఎస్సీలే దాదాపు 69 శాతం. అలవాటు ఎవరికి చేశారో ఈ లెక్కే చెబుతుంది.

కాపాడబోయినవాళ్ళు

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి పనికెళ్ళిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోలులో పడిపోయారు. దారిన పోతున్న ఒక ఆటో డ్రైవరు ఆగి, వాళ్ళని కాపాడాలని లోపలికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఆ డ్రైవరు మనసుకి దండం పెట్టాల్సిందే. కానీ అక్కడ గుమిగూడిన వాళ్ళలో ఒక్కరికైనా ఈ గ్యాసు సంగతి తెలిసి అతన్ని ఆపి ఉంటే అతను బతికేవాడు.

2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్ ప్రాంతంలో నలుగురు మ్యాన్‌హోలుకి బలయ్యారు. చాలా ఇళ్ళల్లో తండ్రి వెనక కొడుకు, అన్న వెనక తమ్ముడు దిగి పోవడానికి కారణం ఇదే. పైనుంచి చూసేవాడికి కింద మనిషి కాలు జారి పడ్డట్టు కనపడతాడు. గుంత ఖాళీగానే కనపడుతుంది. ఈ గ్యాసుకి రంగు లేదు.

కనుక ప్రతి మనిషికీ తెలియాల్సిన మొదటి పాఠం చిన్నదే. లోపల మనిషి పడిపోతే వెనకాల దిగొద్దు. నిప్పు వెలిగించొద్దు. జనాన్ని దూరం జరపండి. వీలైతే పక్క మూతలు కూడా తీసి గాలి ఆడనివ్వండి. 101కి ఫోను చేసి గాలి సిలిండరు ఉన్న సిబ్బంది కావాలని అడగండి, 108ని పిలవండి. నడుముకి ముందే తాడు కట్టి ఉంటే పైనుంచే లాగండి. ఇది తెలుసుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు.

చట్టం దగ్గర సైన్సు

పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. 2013లో వచ్చిన చట్టం మురుగుకాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని దించడాన్ని నేరం చేసింది. మొదటిసారి నేరానికి రెండేళ్ళ దాకా జైలు గానీ, 2 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. బెజవాడ విల్సన్ నడిపించిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1993 నుంచి మురుగుపనిలో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న ఇంకో తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. అయినా 2019 నుంచి 2023 దాకా ఐదేళ్ళలో 377 మంది చనిపోయారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది.

యంత్రాలు లేక కాదు. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లోకి కూడా పోగలిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాల్ని దింపింది. దళితులే వాటి యజమానులు. అదే నగరంలో 2021 ఆగస్టులో రాత్రిపూట మ్యాన్‌హోలులోకి దింపిన ఇద్దరు కార్మికులు తిరిగి రాలేదు.

చావు జరిగిన చోటికి వెళ్ళే కార్యకర్తలకి ఇక్కడ సైన్సు ఆయుధంగా పనికొస్తుంది. 'ఊపిరాడక' అని ఒక్క మాట రాసి కాగితం మూసేస్తారు. 'తాగి పడిపోయాడు' అంటారు. వాసన భరించలేక తాగి ఉండొచ్చు, చంపింది సారా కాదు. శరీరంలో ఈ గ్యాసు జాడ త్వరగా చెదిరిపోతుంది. అందుకని అక్కడి గాలిని ఎవరు ఎప్పుడు కొలిచారని వెంటనే అడగాలి. డిటెక్టరు ఉందా, గాలి పంపే ఏర్పాటు ఉందా, తాడు ఉందా, పైన మనిషి ఉన్నాడా, దిగమని చెప్పిందెవరు అన్న ప్రశ్నలు ఫిర్యాదులో రాయించాలి. జవాబు లేని ఒక్కో ప్రశ్నా దాన్ని ప్రమాదం కాదు, నేరం అని నిలబెడుతుంది.

ఎవరు నేర్చుకోవాలి?

అజ్ఞానం కార్మికుడిదని, అతనికి శిక్షణ ఇస్తే సరిపోతుందని చెప్పేవాళ్ళున్నారు. మేం ఒప్పుకోం. మూత తీశాక బొద్దింకలు తిరుగుతున్నాయా చచ్చి ఉన్నాయా అని చూసే కార్మికుడు తన దగ్గరున్న ఒకే ఒక్క పరికరంతో పరీక్ష చేస్తున్నాడు. డిటెక్టరు కొనగలిగినవాడు కొనలేదు. తెలియాల్సింది మూత తీయించేవాడికి. అపార్టుమెంటు సంఘం కార్యదర్శికి, కాంట్రాక్టరుకి, మునిసిపల్ ఇంజనీరుకి, సెప్టిక్ ట్యాంకు నిండిందని మనిషిని వెతికే ఇంటాయనకి. వీళ్ళల్లో చాలామంది బడిలో కుళ్ళిన కోడిగుడ్ల వాసన అని రాసి మార్కు తెచ్చుకున్నవాళ్ళే. వాళ్ళ చదువు వాళ్ళ ఇంటి మ్యాన్‌హోలు దాకా రాలేదు. శ్రమను పంచుకోవడం వేరు, శ్రమించే మనుషుల్ని ఒకరి కింద ఒకర్ని పేర్చడం వేరు అని అంబేడ్కర్ 1936లోనే తేల్చాడు. పైమెట్టు మీద పుస్తకం, కిందిమెట్టు మీద గ్యాసు ఉన్నంతకాలం ఆ రెండూ కలవవు.

టీచర్లుగా ఉన్న మిత్రులకి ఒక మాట. ఈ పాఠం వచ్చిన రోజున అవక్షేపం రంగు చెప్పండి, అది అవసరమే. చెప్పాక, మీ వీధిలో మూత ఎవరు తీస్తారు అని పిల్లల్ని అడగండి. తరగతిలో ఏదో ఒక బెంచీ మీద, ఆ పనికి వెళ్ళే తండ్రి గల పిల్లవాడు తలొంచుకుని ఉంటాడు. వాడు తలెత్తి వినే విధంగా ఆ పాఠం చెప్పండి. మిగతా పిల్లలు ఇంటికెళ్ళి, ఈసారి మనిషిని కాదు మిషన్ని పిలవండి నాన్నా అని చెప్పేలా చెప్పండి.