అరికాళ్ల మంటలకు ఏ గోలీ?

గద్వాలలో గుంట మగ్గం మీద కూర్చునే నేతగాడికి పాదాలంటే మరో రెండు చేతులే. పైన చేతులు నాడె ఆడిస్తుంటే, కింద కాళ్లు చూడకుండానే తొక్కాలి. షుగర్ వచ్చి కొన్నేళ్లయిన మనిషికి ఆ అరికాళ్లే మొద్దుబారి, రాత్రిళ్లు మంటలు పుడితే మందుల దుకాణానికి పోయి ‘బలం గోలీలియ్యి’ అంటాడు. రంగుల డబ్బా ఒకటి చేతికొస్తుంది.

అందులో క్రోమియం, విటమిన్ డి, దాల్చినచెక్క సారం, బి విటమిన్లు కలగలిపి ఉంటాయి. షుగర్ అంచున ఉన్న 2,423 మందిని అమెరికాలో ఎంచుకుని, సగం మందికి రోజూ 4,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి రెండేళ్లకు పైగా చూశారు. షుగర్ రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2019లో తేలింది. క్రోమియం మేలుకూ గట్టి రుజువు లేదు. మన చట్టం లెక్కన ఇలాంటి డబ్బాలు మందులు కావు, ఆహారమే. ఆ మాట డబ్బా మీద ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

మెంతుల సంగతి కొంత నయం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు రోజుకు 25 నుంచి 100 గ్రాముల దాకా మెంతులు తినిపించి చూస్తే రక్తంలో చక్కెర తగ్గింది. మెంతుల్లో సగం దాకా పీచే. అది పేగులో జిగురులా సాగి చక్కెరను మెల్లగా వదులుతుంది. పరీక్షలో పాల్గొన్నవాళ్లు కొద్దిమందే అనుకోండి. పైగా మనం రాత్రి నానబెట్టే చెంచాడు మెంతులు నాలుగైదు గ్రాములకు మించవు. గ్లిమెపిరైడ్ వంటి గోలీలు వేసుకునేవాళ్లు మెంతులు బాగా పెంచితే చక్కెర మరీ పడిపోవచ్చు.

మళ్లీ అరికాళ్ల దగ్గరికి వద్దాం. షుగర్‌కు ముందుగా రాసే గోలీ మెట్‌ఫార్మిన్. మంచి మందు, చవక మందు. అయితే ఏళ్ల తరబడి వాడితే చిన్నపేగు చివర బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది గనుక లోటు వెంటనే బయటపడదు. నిల్వ అడుగంటాక నరాలు దెబ్బతింటాయి. తిండితో పూడ్చుకుందామంటే, గద్వాల జొన్నరొట్టె పీచుకు మేటే గానీ అందులో బి12 లేదు. పాలల్లో, గుడ్డులో, జూరాల జలాశయం చేపలో ఉంది.

ఇక్కడో మెలిక. డబ్బాలో ఫోలిక్ ఆమ్లం ఉండి బి12 చాలినంత లేకపోతే, రక్తహీనత తగ్గినట్టే కనిపిస్తుంది, నరాల నష్టం మాత్రం లోలోపల సాగుతుంది. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. తప్పు ఆ విటమిన్‌ది కాదు, చూడకుండా మింగడానిది.

బి12 తగ్గినా, షుగర్ ముదిరినా ఇవే మంటలు, ఇవే తిమ్మిర్లు. రెండింటినీ విడదీసేది డబ్బా కాదు, రక్తపరీక్ష. బి12 తక్కువని తేలితే గోలీలో, సూదులో డాక్టరు రాస్తారు. సరిపడా ఉంటే ఎన్ని బి12 గోలీలు మింగినా మంట తగ్గదు, చక్కెరనే అదుపులోకి తేవాలి. ఈలోగా భయపడి మెట్‌ఫార్మిన్ మానేయొద్దు. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు పాత చీటీలు పట్టుకుపోవాలి. ఎంత మోతాదు, ఎన్నేళ్లుగా అన్నదే ఇక్కడ అసలు లెక్క.