మీకు తెలుసా? ఒకటో భాగం లేని రెండో భాగం!

1996లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 'సూపర్ పజిల్ ఫైటర్ 2 టర్బో' అనే వీడియో గేమ్ తెచ్చింది. పేరులో 2 ఉన్నా, ఒకటో భాగం అసలు లేదు. తమ ఫైటింగ్ గేమ్ 'సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో' పేరునే సరదాగా మార్చి పెట్టారు.

పైనుంచి రంగురాళ్లు జంటలుగా పడుతుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం. ఒకే రంగువి పక్కపక్కన పేర్చి, అదే రంగు గుండ్రటి క్రాష్ జెమ్ తగిలిస్తే అన్నీ పగిలిపోతాయి. ఆ దెబ్బకు ఎదుటివాళ్ల వైపు అంకెలున్న రాళ్లు కురుస్తాయి. ప్రతి ఎత్తుకూ అంకె తగ్గి, చివరికి అవీ మామూలు రాళ్లవుతాయి. అంటే తొందరపడి కొట్టిన దెబ్బే ఎదుటివాళ్లకు సరుకవుతుంది!

అసలు అందం రాళ్లు పడే వరసలో ఉంది, ఎంచుకున్న ఫైటర్‌ని బట్టి అది మారుతుంది. కెన్ అనే ఫైటర్ పంపే రాళ్లు అడ్డంగా, వరసకో రంగున పడతాయి. తంగేడు మీద గునుగు, దాని మీద బంతి పేర్చిన బతుకమ్మే గుర్తొస్తుంది. ర్యూవి నిలువు వరసలు. డాన్‌వి అన్నీ ఎరుపే. ఒక్క ఎర్ర క్రాష్ జెమ్ చాలు, అతని దాడంతా తుడిచిపెట్టుకుపోతుంది.

తెర మధ్య బుజ్జి ఫైటర్లు తన్నుకుంటారు. అదంతా చూడ్డానికే, గెలుపు రాళ్లదే. స్ట్రీట్ ఫైటర్‌లోని మన భారతీయుడు, చేతులు సాగదీసి కొట్టే యోగి ధాల్సిమ్‌కు మాత్రం ఇందులో చోటు దక్కలేదు. నాకదే వెలితి.