తూటా మారితే తుపాకీ మారినట్టే

షాలిమార్‌ను అందరూ కోల్‌కతా అనేస్తారు గానీ, ఆ రైల్వే స్టేషన్ ఉన్నది హుగ్లీకి పడమటి ఒడ్డున, హౌరాలో. హైదరాబాద్ నుంచి వచ్చే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఆగేది ఇక్కడే. చెన్నై వెళ్లే కోరమండల్ బయల్దేరేదీ ఇక్కడి నుంచే. అందుకే ప్లాట్‌ఫాం మీద బెంగాలీతో పాటు తెలుగూ వినిపిస్తుంటుంది. ఒక భద్రతా దళంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు తనిఖీ చేసి బాగుచేసే పనిలో, పాతికేళ్లకు పైగా గడిపి విరమణ పొందాను. కొడుకు ఉద్యోగం ఇక్కడ కావడంతో ఇప్పుడు షాలిమార్‌లోనే ఉంటున్నాను. సాయంత్రం స్టేషన్ బయట మట్టి ముంతలో టీ తాగడం అలవాటైంది.

మొన్న అక్కడే, సెలవు మీద ఇచ్ఛాపురం వెళ్తున్న ఒక కుర్ర జవాను కలిశాడు. మాది శ్రీకాకుళం అనగానే వరస కలిపేశాడు.

‘‘డ్యూటీలో ఏం ఆయుధం ఇచ్చారు బాబూ?’’

‘‘కార్బైన్ బాబాయ్. 9 ఎం.ఎం.’’

‘‘దాంతో చివరిసారి ఎప్పుడు కాల్చావు?’’

‘‘దాంతోనా? దాంతో కాల్చలేదు. రేంజిలో ఇచ్చేది వేరే తుపాకీ.’’

‘‘మరి తూటాలు?’’

‘‘అవీ వేరే. పాతవి ప్రాక్టీసులో కాల్చేస్తాం. కొత్తవి డ్యూటీకి ఉంచుతారు.’’

అందులో అతనికి తప్పేమీ కనిపించలేదు. నా ఉద్యోగంలో సగం కాలం నాకూ కనిపించలేదు.

పిస్తోలు తూటా, పొడుగు గొట్టం

పిస్తోలులో వాడే తూటాను కాస్త పొడవైన గొట్టం, భుజానికి ఆనే బట్ ఉన్న ఆయుధంలో వాడితే అదే పిస్తోలు తూటా కార్బైన్. రైఫిల్ కంటే చవక, తేలిక, వెనక్కి తన్నడం తక్కువ. రైలు బోగీ, మెట్లు, ఇరుకు గది వంటి చోట్ల సులువుగా తిప్పొచ్చు. మన దళాలు దశాబ్దాలుగా మోసిన 1ఏ1 కార్బైన్ బ్రిటిష్ స్టెర్లింగ్‌కు మన రూపం. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైంది. గొట్టం దాదాపు 8 అంగుళాలు, మ్యాగజైన్‌లో 34 తూటాలు. అది వాడే 9×19 ఎం.ఎం. తూటా 1902 నాటి జర్మన్ రూపకల్పన. హౌరాలో షాలిమార్ పెయింట్స్ పుట్టిందీ ఆ ఏడాదే.

ఈ కార్బైన్ పనితీరు వినడానికి సులువు. బోల్టు వెనక ఆగి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ముందుకు దూకి, మ్యాగజైన్‌లోని తూటాను గొట్టంలోకి తోసి, అదే ఊపులో పేలుస్తుంది. పేలుడు ఒత్తిడికి ఖాళీ తొట్టెతో పాటు బోల్టు వెనక్కి వస్తుంది. అక్కడ సియర్ అనే కొక్కెం దాన్ని పట్టుకుంటే తుపాకీ ఆగుతుంది. బోల్టును కొక్కెం దాకా తెచ్చే బలం తూటాదే. అంటే ఈ యంత్రానికి ఇంజను తూటాయే. అందులోని మందు బలహీనమైతే బోల్టు సగం దూరమే వస్తుంది. తర్వాతి తూటాను అందుకునేంత వెనక్కి వచ్చి, కొక్కెం దాకా రాకపోతే ఏమవుతుంది? ట్రిగ్గర్ వదిలేసినా తుపాకీ కాలుస్తూనే ఉంటుంది.

నాలుగు కార్బైన్లు, మూడు లాట్లు

ఇది నేను కళ్లారా చూశాను. ఒక ఏడాది వార్షిక ఫైరింగ్‌కు ముందు మా ఆయుధాగారంలో, మా భాషలో ‘కోత్’లో, మూడు రకాల 9 ఎం.ఎం. తూటాలు పోగుపడ్డాయి. ఒకటి ఏళ్ల తరబడి పెట్టెల్లో ఉన్న పాత లాట్. రెండోది అదే రకంలో కొత్త లాట్. మూడోది కాస్త తేలికైన బుల్లెట్ ఉన్నది. 9 ఎం.ఎం.లో సాధారణంగా దొరికేవి 115 గ్రెయిన్లు, 124 గ్రెయిన్లు, అంటే సుమారు ఏడున్నర గ్రాములు, ఎనిమిది గ్రాములు. తేడా అర గ్రామే. మూడూ ఒకే కొలత కాబట్టి కలిపి వాడేయమన్నారు. పరీక్షకు కొన్ని తూటాలు కావాలని అడిగితే, ‘లెక్క ఎవరు చెబుతారు?’ అని పైనుంచి ప్రశ్న వచ్చింది. సంతకం నేనే పెట్టి తీసుకున్నాను.

నా పద్ధతి పాత ఉస్తాదులు నేర్పిందే. ముందు కంటితో చూడాలి: తొట్టె మీద సొట్ట, చిలుము, ప్రైమర్ సరిగా కూర్చుందా లేదా. తర్వాత మ్యాగజైన్‌లో ఒక్కటే తూటా పెట్టి, సింగిల్ షాట్‌లో ఉంచి కాల్చాలి. బోల్టు వెనక్కి వచ్చి కొక్కేనికి ఆగితే మందులో సత్తువ ఉన్నట్టు. ఆగకుండా ముందుకెళ్లిపోతే లేనట్టు. ఆ తర్వాత రెండు, ఆ తర్వాత ఐదు, అన్నీ బాగుంటేనే నిండు మ్యాగజైన్.

కొత్త లాట్ నాలుగు కార్బైన్లలోనూ చక్కగా పనిచేసింది. తేలిక బుల్లెట్ కూడా ఆగకుండా పనిచేసింది గానీ, 50 మీటర్ల దగ్గర గుంపు మొత్తం నాలుగు వేళ్ల ఎడంగా పడింది. బొమ్మ మీద అది చిన్న తేడా. జనంలో ఒకడి మీద గురిపెట్టినప్పుడు చిన్నది కాదు.

పాత లాట్ మూడు కార్బైన్లలో నడిచింది. నాలుగోదాంట్లో మొదటి తూటాకే బోల్టు కొక్కేనికి అందలేదు. ఆ ఒక్కటీ చెడ్డదేమో అనుకుని రెండు తూటాలు పెట్టాను. అది నా పొరపాటు, అక్కడే ఆపాల్సింది. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కాను. రెండూ పోయాయి. రెండోది ఎక్కడ తగిలిందో నేటికీ తెలియదు, మట్టికట్టలోకి వెళ్లిందని మాత్రం తెలుసు. అందులో రెండే ఉన్నాయి కాబట్టి రెండుతో ఆగింది.

విచిత్రం ఏమిటంటే, ఆ నాలుగో కార్బైనే అన్నింట్లోకీ మంచి కండిషన్‌లో ఉన్నది. నెల క్రితమే దానికి కొత్త స్ప్రింగ్ వేశాను. కొత్త స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది. నీరసపడిన మందు దాన్ని పూర్తిగా నొక్కలేకపోయింది. మిగతా మూడింట్లో అరిగిన స్ప్రింగులు కాబట్టి ఆ కొద్ది బలమే సరిపోయింది. తుపాకీని విడిగా చూస్తే బాగుంది. తూటా మూడు తుపాకుల్లో బాగుంది. రెండూ కలిసినప్పుడే ప్రమాదం. కాగితం మీద ఏ తనిఖీ దీన్ని పట్టుకోలేదు, కాల్చి చూస్తే తప్ప.

ఇంకో ప్రమాదమూ ఉంది. మందు మరీ తక్కువైతే బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుపోతుంది. శబ్దం తేలిగ్గా వినిపిస్తుంది. కంగారులో బోల్టు లాగి మళ్లీ నొక్కితే రెండోది దాన్ని గుద్ది గొట్టం ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. ప్రాక్టీసులో చెవి అలవాటు పడితేనే జవాను ఆ తేడా పసిగడతాడు.

చవక కార్బైన్ల కాలం

ఈ మాటలు ఇప్పుడెందుకంటే, చవకైన 9 ఎం.ఎం. ఆయుధాలు మళ్లీ వస్తున్నాయి. వాటిలో ముఖ్యమైనది మన హైదరాబాద్‌కు చెందినదే. మౌలోని ఇన్‌ఫాంట్రీ స్కూల్, పుణెలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఏఆర్‌డీఈ కలిసి నాలుగు నెలల్లో రూపొందించిన ‘అస్మి’ని రక్షణ శాఖ 2021 జనవరిలో ప్రకటించింది. 8 అంగుళాల గొట్టం, అల్యూమినియం పైభాగం, కార్బన్ ఫైబర్ కిందిభాగం. ట్రిగ్గర్ భాగాలను లోహపు త్రీడీ ప్రింటింగ్‌తో చేశారు. ఒక్కోదాని ఉత్పత్తి ఖర్చు రూ.50 వేల లోపేనని అప్పట్లో చెప్పారు. హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్ దాన్ని తయారుచేస్తోంది. 2024లో సైన్యం ఉత్తర కమాండ్‌కు 550 అస్మీల ఆర్డర్ దక్కింది. తెలుగువాడిగా గర్వించాల్సిన విషయమే.

తుపాకులతో పాటు తూటాల మార్కెట్టూ మారింది. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు ఏడు కంపెనీలయ్యాయి. తూటాలు మ్యూనిషన్స్ ఇండియా వాటాకు, తుపాకులు మరో కంపెనీకి వెళ్లాయి. 2024 ఫిబ్రవరిలో కాన్పూర్‌లో అదానీ మందుగుండు కర్మాగారం మొదలైంది. ఒకప్పుడు తుపాకీ, తూటా ఒకే ఇంటి నుంచి వచ్చేవి. ఇకపై ఒకరి తుపాకీలో మరొకరి తూటా వాడే రోజులు. పోటీ మంచిదే. కానీ రెండింటినీ కలిపి చూసే బాధ్యత కొనుక్కున్న దళానిదే అవుతుంది.

తూటా ఆకారం మీదా చర్చ రావాలి. షాలిమార్ నుంచి నది దాటి ఉత్తరానికి వెళ్తే డమ్‌డమ్ వస్తుంది. శరీరంలో విచ్చుకునే బుల్లెట్‌కు 1890లలో ఆ పేరు వచ్చింది అక్కడి ఆయుధశాల వల్లే. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో అలాంటివాటిని నిషేధించింది. ఆ నిషేధం యుద్ధానికి సంబంధించినది కాబట్టి పలు దేశాల పోలీసులు ముందు గుంట ఉన్న హాలోపాయింట్ వాడతారు. మామూలు 9 ఎం.ఎం. తూటా ఒక మనిషిని దాటి వెనకున్నవాడికి తగలొచ్చు. హాలోపాయింట్‌తో ఆ ముప్పు తగ్గుతుంది. రద్దీ ప్లాట్‌ఫాం మీద అది ప్రాణాలకు సంబంధించిన తేడా. అయితే దాని మొండి ముక్కు, గుండ్రటి ముక్కు తూటాకు రూపొందించిన కార్బైన్‌లో చిక్కుకోవచ్చు. అదీ కాల్చి చూడాల్సిందే.

2008 నవంబరు 26 రాత్రి ముంబై సీఎస్‌టీలో 50 మందికి పైగా చనిపోయారు. ఏకే రైఫిళ్లకు ఎదురునిలిచిన పోలీసుల చేతుల్లో పాత .303లు, లాఠీలు ఉన్నాయి. కొత్త ఆయుధాలు కావాలని దేశం అప్పుడు గట్టిగా అడిగింది. కొత్త ఆయుధం చేతికొచ్చినా, అందులోని తూటా దానితో కుదురుతుందో లేదో తెలియకపోతే ఆ ఖర్చంతా వృథా.

చేయాల్సినవి పెద్ద పనులు కావు

కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ ప్రతి కార్బైన్‌లో ఒకటి, రెండు, ఐదు పద్ధతిలో కాల్చి చూడాలి. ఆ తూటాలను ప్రాక్టీసు కోటాలోంచి తీయకుండా విడిగా మంజూరు చేయాలి. ఒకే మ్యాగజైన్‌లో రెండు లాట్లు కలపకూడదు. తుపాకీ నంబరు, లాట్ నంబరు, స్ప్రింగ్ మార్చిన తేదీ ఒకే పుస్తకంలో ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, జవాను డ్యూటీలో మోసే తుపాకీతో, డ్యూటీలో ఇచ్చే లాట్‌తో, ఏడాదికి ఒక్కసారైనా కాల్చాలి. పాతవి ప్రాక్టీసుకు, కొత్తవి డ్యూటీకి అన్న పద్ధతి సరుకు లెక్కకు బాగుంటుంది. కానీ ఆపద వేళ చేతిలో ఉండేది ఎప్పుడూ కాల్చి చూడని జత.

కుర్రాడి రైలు ప్రకటన వినిపించింది. సంచి భుజాన వేసుకుంటూ, ‘‘వెళ్లాక ఏం అడగమంటావు బాబాయ్?’’ అన్నాడు.

‘‘నీ కార్బైన్‌లో ఉన్న లాట్ నంబరు అడుగు. అది ఆ కార్బైన్‌లో ఎప్పుడు కాల్చారో అడుగు. కాల్చలేదంటే, నేను కాలుస్తానని చెప్పు.’’

నంబరు రాసుకోవడానికన్నట్టు జేబులో పెన్ను తడుముకుంటూ రైలు వైపు నడిచాడు.