ఆ తుప్పు మీ నీళ్లది కాదు

గ్లాసుడు కుళాయి నీళ్లలో నాలుగు లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని ముంచి స్విచ్చి వేస్తారు. నిమిషం తిరక్కముందే నీళ్లు పచ్చబడతాయి. ఇంకో నిమిషానికి ఇటుకపొడి కలిపినట్టు ఎర్రబడి, పైన తెట్టె కట్టి, అడుగున మడ్డి దిగుతుంది. పక్క గ్లాసులోని ఆర్‌ఓ నీళ్లు మాత్రం తేటగానే ఉంటాయి. ‘మీ పిల్లలు రోజూ తాగుతున్నది ఇదే’ అనే మాటతో ప్రదర్శన ముగుస్తుంది, ఆర్‌ఓ యంత్రం బేరం మొదలవుతుంది. ఊరూరా అపార్ట్‌మెంట్లలో జరిగే ఈ ప్రదర్శన వీడియోలుగానూ తిరుగుతోంది. ఇప్పుడు దానికి ‘నీళ్లలోని ఆర్సెనిక్, సీసం బయటపడుతున్నాయి చూడండి’ అనే వ్యాఖ్యానం కూడా తోడైంది. ఇది పచ్చి అబద్ధం. పైగా మనిషి ప్రాణాలు నిలబెట్టే ఒక రసాయన చర్యను చూపించి, దానికి సరిగ్గా తలకిందులైన అర్థం చెబుతోంది.

ఆ మడ్డి నీళ్లలోంచి కాదు, కడ్డీలోంచి వచ్చింది. నీటిలో కరెంటు పారినప్పుడు ధన ధ్రువమైన ఇనుప కడ్డీ కరుగుతుంది. కరిగిన ఇనుము నీటిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పు అవుతుంది. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే సుమారు ఒక గ్రాము ఇనుము కరుగుతుందని ఫెరడే సూత్రం చెబుతుంది. అందులో నూరో వంతు, అంటే 10 మిల్లీగ్రాములు, గ్లాసు నీళ్లను ఇటుకరంగుకు తిప్పడానికి చాలు. మరి ఆర్‌ఓ నీళ్లు ఎందుకు మారలేదు? వాటిలో లవణాలు దాదాపు లేవు కాబట్టి కరెంటు పారలేదు, పారలేదు కాబట్టి కడ్డీ కరగలేదు. చిటికెడు ఉప్పు వేస్తే అవే ఆర్‌ఓ నీళ్లు మరింత తొందరగా ఎర్రబడతాయి. ఖనిజాలున్న సీసా నీళ్లు రంగు మారతాయి, వాననీళ్లు దాదాపు మారవు. కరెంటు ఎంత బాగా పారుతుందన్నది తప్ప ఈ పరీక్ష నీటి గురించి ఇంకేమీ చెప్పదు.

ఇక్కడితో ఆగితే ఇది డబ్బు నష్టం కథే అయ్యేది. అసలు ప్రమాదం ఈ ప్రదర్శన మనసులో నాటే సూత్రంలో ఉంది: తేటగా ఉన్నవి మంచినీళ్లు, రంగు మారినవి విషం. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ పల్లెల చరిత్ర ఈ సూత్రాన్ని ఎప్పుడో పూర్వపక్షం చేసింది. చెరువు నీళ్లతో వచ్చే కలరా, విరేచనాలను తప్పించడానికి 1970ల నుంచి అక్కడ లక్షల గొట్టపు బావులు వేశారు. నీళ్లు తేటగా, చల్లగా, రుచిగా వచ్చాయి. అరచేతులు, అరికాళ్లు గరుకుదేరి, ఒంటిమీద నల్లని తెల్లని మచ్చలతో వచ్చిన రోగులను చూసి, ఇది బావి నీటిలోని ఆర్సెనిక్ చేస్తున్న పని అని కలకత్తా చర్మవైద్యుడు డాక్టర్ కె.సి. సాహా 1983లో గుర్తించారు. బంగ్లాదేశ్ తర్వాత 50 లక్షలకు దగ్గరగా బావులను పరీక్షించి, ఆర్సెనిక్ ఆ దేశపు హద్దు దాటినవాటికి ఎరుపు, దాటనివాటికి ఆకుపచ్చ రంగు పూసింది. ఎర్ర రంగు పడ్డవి సుమారు 14 లక్షలు. రంగు, రుచి, వాసన ఏదీ లేని ఈ విషం చర్మానికీ ఊపిరితిత్తులకూ మూత్రాశయానికీ క్యాన్సర్ తెస్తుంది, అదీ ఏళ్ల తరబడి తాగాక. కంటికి నమ్మకంగా కనిపించిన నీరే వాళ్లను ముంచింది.

ఆ నేల మీదే, ప్రదర్శకుడు విషమని చూపించే తుప్పు మందుగా పనిచేస్తోంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ఆచార్యుడు అశోక్ గాడ్గిల్ బృందం, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి, దక్షిణ 24 పరగణాల జిల్లాలోని ధప్‌ధపి ఉన్నత పాఠశాలలో రోజుకు 10,000 లీటర్లు శుద్ధి చేసే కేంద్రం నెలకొల్పింది. ఇనుప పలకల మధ్య కొద్దిపాటి డీసీ కరెంటు పంపితే ఇనుము కరిగి, అప్పటికప్పుడు తాజా తుప్పు రేణువులు పుడతాయి. భూగర్భ జలంలో ఆర్సెనిక్ ఎక్కువగా ఆర్సెనైట్ రూపంలో ఉంటుంది. దానికి విద్యుదావేశం లేకపోవడంతో తేలిగ్గా దేనికీ అంటుకోదు. ఇనుము ఆక్సీకరణ చెందే క్రమంలో పుట్టే చురుకైన పదార్థాలు దాన్ని ఆర్సెనేట్‌గా మారుస్తాయి. ఆర్సెనేట్ తుప్పును గట్టిగా పట్టుకుంటుంది. కాస్త పటిక వేస్తే ఆ రేణువులు గుంపుకట్టి అడుగుకు దిగుతాయి, పైన తేరిన నీటిని వేరుచేస్తారు. లీటరుకు 250 మైక్రోగ్రాముల దగ్గర ఉన్న ఆర్సెనిక్, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 10 మైక్రోగ్రాముల హద్దు లోపలికి దిగింది. కరెంటు పెట్టిన నీళ్లలో కరెంటు మిగిలిపోతుందన్న భయానికి ఆధారమే లేదు. స్విచ్చి తీస్తే ప్రవాహం ఆగిపోతుంది.

‘విషం పోలేదు, నీళ్లలోంచి మడ్డిలోకి మారింది, అంతే కదా’ అనే ఆక్షేపణను మాత్రం కొట్టిపారేయలేను. అది నిజమే. ఆర్సెనిక్ మూలకం, దాన్ని మాయం చేసే విద్య లేదు. గాలి ఆడని చెరువు బురదలోనో వరిమడిలోనో ఆ మడ్డిని పారబోస్తే తుప్పు కరిగి విషం మళ్లీ నీటికెక్కుతుంది. కాబట్టి దాన్ని భద్రపరచడం శుద్ధిలో భాగమే, తర్వాత చూసుకునే పని కాదు. నీటిలో ఫాస్ఫేటు, సిలికా ఎక్కువుంటే అవి తుప్పు మీద చోటు కోసం ఆర్సెనిక్‌తో పోటీపడతాయి, అప్పుడు ఇనుము మోతాదు పెంచాలి. అయితే ఇదే ఆక్షేపణ ఆర్‌ఓకూ వర్తిస్తుంది. ఆర్‌ఓ ఆర్సెనేట్‌ను బాగా ఆపుతుంది, ఆర్సెనైట్‌ను అంత బాగా ఆపలేదు. ఆపినదంతా చిక్కబడి వృథా నీటితో కాలవలోకి పోతుంది. మడ్డినైతే డబ్బాలో మూసిపెట్టొచ్చు, కాలవ నీళ్లను ఎక్కడ మూసిపెడతాం?

ఇంటి చిట్కాలూ ఇక్కడ పనికిరావు. కాచితే ఆర్సెనిక్ పోదు, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. రాగి బిందెలో నిల్వ ఉంచినా పోదు. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేసే టీడీఎస్ మీటరు 300 చూపించే నీటిలో, హద్దును మించి లీటరుకు 0.05 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉన్నా ఆ అంకె కదలదు.

బెంగాల్ కష్టాన్ని తెచ్చి మన బోర్లన్నిటికీ అంటగట్టడమూ తప్పే. తెలుగు జిల్లాల భూగర్భ జలాల్లో పాతుకుపోయిన సమస్య ఫ్లోరైడు. దాన్ని తగ్గించడానికి జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన సున్నం-పటిక పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. తుప్పు పద్ధతి ఆర్సెనిక్‌కు పట్టినట్టు ఫ్లోరైడుకు పట్టదు. అందుకే యంత్రం కొనే ముందు మీ బోరు నీళ్లను ప్రయోగశాలకు పంపండి. ఫ్లోరైడు, నైట్రేటు, అనుమానముంటే ఆర్సెనిక్ అని పేరుపెట్టి అడగండి, అడగని పరీక్ష చాలాచోట్ల చేయరు. వీడియో చూసి ఇంట్లో కడ్డీలకు కరెంటు ఇవ్వకండి. షాకు భయం ఒకటి, స్టీలు కడ్డీల నుంచి క్రోమియం దిగే ప్రమాదం ఇంకొకటి. అమ్మకానికి వచ్చినవాళ్లు పరికరం తీస్తే, ఆర్‌ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చూపించమనండి. బెంగాల్‌లోనో బిహార్‌లోనో స్థిరపడ్డ మనవాళ్లు శుద్ధి కేంద్రం నీళ్లు తాగుతుంటే నిర్వాహకులను రెండు మాటలు అడగాలి: చివరి ఆర్సెనిక్ పరీక్ష ఏ తేదీన చేశారు, ఆ మడ్డి ఎక్కడికి పోతోంది?