డయాలసిస్: డాక్టర్ చెప్పని మాటలు పక్క బెడ్ పేషెంట్ చెబుతాడు.. ఏవి వినాలి? ఏవి వినకూడదు?

డయాలసిస్ సెంటర్‌లో తొలిరోజు. మెడ దగ్గర క్యాథెటర్ పెట్టించుకుని వచ్చిన కుర్రాడు వెయిటింగ్ హాల్లో తల దించుకుని కూర్చుని ఉంటాడు. లోపల ఏం చేస్తారో, నొప్పి ఎంత ఉంటుందో, బయటకు నడిచి రాగలడో లేదో అతనికి తెలియదు. పక్కనే కూర్చున్న పెద్దాయన "ఏం తమ్ముడూ, మొదటిసారా?" అని పలకరిస్తాడు. తన ఎడమ చెయ్యి చాపి, "ఇదిగో, ఇక్కడ వేలు పెట్టి చూడు. ఝుమ్మంటోందా? నాకు ఏడేళ్లయింది. ఏం కాదు, భయపడకు" అంటాడు.

తెలుగు రాష్ట్రాల్లో ఏ డయాలసిస్ సెంటర్‌కి వెళ్లినా ఇలాంటి సీన్ ఏదో ఒక షిఫ్టులో కనిపిస్తుంది. మామూలుగా హీమోడయాలసిస్ అంటే వారానికి మూడు రోజులు, రోజుకు సుమారు నాలుగు గంటలు. అదే షిఫ్టు, అవే మొహాలు. డాక్టర్ రౌండ్స్‌కి వస్తే ఒక్కో బెడ్ దగ్గర నిలబడేది కొద్ది నిమిషాలే. పక్క బెడ్ పేషెంట్ మాత్రం వారానికి 12 గంటలు పక్కనే ఉంటాడు. అందుకే ఈ జబ్బుతో ఎలా బతకాలన్నది చాలామంది నేర్చుకునేది తోటి పేషెంట్ల దగ్గరే. అమెరికాలో నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ దీన్నే ఒక ప్రోగ్రామ్‌గా నడుపుతోంది. అనుభవమున్న పేషెంట్లకు ట్రైనింగ్ ఇచ్చి, కొత్తవాళ్లతో ఫోన్‌లో మాట్లాడిస్తుంది. మన దగ్గర అది వెయిటింగ్ హాల్లో దానంతట అదే జరిగిపోతోంది.

ఇక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి వేరే చెప్పక్కర్లేదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బులు వేధిస్తున్నాయి. ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ అసలు కారణం అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌తో పాటు 200 పడకల ఆస్పత్రి ప్రారంభమైంది. ఈ ఊళ్లలో క్రియాటినిన్ అంటే ఏంటో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. జబ్బు బయటపడిన రోజే బాబాయో, పక్కింటి అన్నో వచ్చి సలహాలు చెప్పేస్తారు.

ఆ సలహాల్లో ప్రాణాలు నిలబెట్టేవి ఉన్నాయి, ప్రాణం మీదకు తెచ్చేవీ ఉన్నాయి. ఇబ్బంది ఏంటంటే రెండూ ఒకే మనిషి నోటి నుంచి, అదే ప్రేమతో వస్తాయి.

నీళ్లు తగ్గించాలంటే.. ముందు ఉప్పు!

కొత్త పేషెంట్‌ని అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది దాహం. కిడ్నీలు పనిచేయనప్పుడు తాగిన నీరు బయటకు పోదు. ఒంట్లోనే ఉండి కాళ్ల వాపు, బీపీ, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం. డాక్టర్లు చెప్పే మామూలు లెక్క ఒకటుంది. రోజంతా వచ్చే యూరిన్ ఎంతో కొలిచి, దానికి అర లీటరు కలిపితే ఆ రోజు తాగొచ్చు. యూరిన్ పూర్తిగా ఆగిపోయినవాళ్లకు దాదాపు అర లీటరే. విజయవాడ ఎండల్లో, రామగుండం ఎండల్లో అర లీటరు!

లెక్క డాక్టర్ చెబుతాడు. దాన్ని మే నెలలో ఎలా పాటించాలో చెప్పేది సీనియర్ పేషెంటే. పొద్దున్నే ఒక బాటిల్‌లో ఆ రోజు కోటా నీళ్లు పోసి పెట్టుకోమంటారు. పెద్ద గ్లాసు పక్కన పెట్టి చిన్న స్టీల్ గ్లాసు వాడమంటారు. నీళ్లకు బదులు ఐస్ ముక్క చప్పరిస్తే ఎక్కువసేపు దాహం ఆగుతుంది, కాకపోతే అదీ లెక్కలోకే వస్తుంది. నోరు పుక్కిలించి ఉమ్మేయడం, ఒక యాలకులో లవంగమో బుగ్గన పెట్టుకోవడం.. ఇవన్నీ ఏ ప్రిస్క్రిప్షన్‌లోనూ ఉండవు. పప్పుచారు, మజ్జిగ, టీ, సాంబార్ కూడా నీళ్ల ఖాతాలోనే పడతాయని చాలామందికి మొదటి నెల దాకా తెలియదు. "నీళ్లు తాగట్లేదు సార్" అంటూనే రెండు సెషన్ల మధ్య నాలుగు కిలోలు పెరిగి వచ్చేది ఇందుకే.

అనుభవమున్నవాళ్లు చెప్పే అసలు కిటుకు మాత్రం ఉప్పు. ఉప్పు తింటే దాహం వేస్తుంది, దాహం వేస్తే తాగక తప్పదు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండు చేపలు, బయట చిప్స్ ప్యాకెట్లు మానకుండా నీళ్లు మాత్రం ఆపుకుంటానంటే అది రెండు రోజుల ముచ్చటే. తెలుగువాడికి పచ్చడి మానమని చెప్పడం తేలిక కాదు, నిజమే. కానీ ఎక్కువ బరువుతో వస్తే ఆ నీరంతా నాలుగు గంటల్లో లాగేయాలి. అప్పుడే పిక్కలు పట్టేయడం, బీపీ ఢమాల్‌మని పడిపోవడం. ఒకసారి ఆ నొప్పి చూసినవాళ్లు పచ్చడి జాడీ వైపు వెళ్లరు.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. "మామూలు ఉప్పు వద్దు, షాపులో లో సోడియం సాల్ట్ దొరుకుతుంది, అది వాడుకో" అని ఎవరో ఒకరు చెబుతారు. ఆ ప్యాకెట్లలో చాలావాటిలో సోడియానికి బదులు కలిపేది పొటాషియం. బీపీ ఉన్న మామూలు మనిషికి అది మేలు చేయొచ్చు. డయాలసిస్ పేషెంట్‌కి మాత్రం అది విషంతో సమానం.

పొటాషియంతో ఎందుకంత భయం?

రక్తంలో పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. కొందరికి కాళ్లు నీరసపడటం లాంటి సూచనలు ఉంటాయి. కొందరికి అసలేమీ తెలియదు. మనవాళ్లు "చలవ చేస్తుంది, బలం" అంటూ రోగికి ఇచ్చేవాటిలో సగం పొటాషియం ఎక్కువ ఉన్నవే. కొబ్బరి నీళ్లు, అరటిపండు, ఆకుకూరలు, టమాటా, చింతపండు, డ్రై ఫ్రూట్స్.. అన్నీ అవే. ఆస్పత్రిలో ఉన్న మనిషిని చూడ్డానికి కొబ్బరి బోండాలు పట్టుకెళ్లే మన అలవాటు ఈ ఒక్క వార్డు దగ్గర మానుకోవాలి.

సెంటర్ బయట బెంచీ మీద కూర్చునే ఆడవాళ్ల మధ్య నడిచే వంటల చర్చ ఈ విషయంలో నిజంగా పనికొస్తుంది. కూరగాయలు చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. దీంతో పొటాషియం కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు కాబట్టి "ఉడికించాను కదా" అని కడుపు నిండా ఆలూ ఫ్రై పెట్టేస్తే కుదరదు. ఇంటిల్లిపాదికీ ఒకటే కూర వండి, ఉప్పు కారం వేసే ముందే పేషెంట్ వాటా తీసి పక్కన పెట్టడం ఇంకో చిట్కా. రెండు వంటలు చేసే ఓపిక ఏ ఇంట్లోనూ ఎక్కువ రోజులు ఉండదు మరి.

ప్రోటీన్ విషయంలో మాత్రం బెంచీ సలహా చాలాసార్లు తప్పుతుంది. "కిడ్నీ జబ్బుకి పప్పు, గుడ్డు, మాంసం ముట్టుకోకూడదు" అంటారు. డయాలసిస్ మొదలుకాక ముందు డాక్టర్ ప్రోటీన్ తగ్గించమని చెప్పి ఉండొచ్చు. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ప్రతి సెషన్‌లో కొంత ప్రోటీన్ పోతుంది కాబట్టి ఎక్కువే తినాలి. అందుకే చాలామందికి గుడ్డులోని తెల్లసొన తినమని రాస్తారు. పాత సలహా పట్టుకుని పత్యం చేసినవాళ్లు కండ కరిగి నీరసించిపోతారు. ఫాస్ఫరస్ తగ్గించే మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అవి అన్నంతో పాటు మింగితేనే పనిచేస్తాయి. ఖాళీ కడుపుతో వేసుకుంటే డబ్బు దండగ, ఒళ్లంతా దురద మాత్రం అలాగే ఉంటుంది.

చెయ్యి జాగ్రత్త!

మొదట్లో పెద్దాయన చూపించిన ఝుమ్మనే శబ్దం ఫిస్టులాది. చేతిలో ఒక ధమనిని, సిరను కలిపి చేసే చిన్న ఆపరేషన్ అది. పనికొచ్చేలా తయారవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసినప్పటి నుంచే ఫిస్టులా పెట్టబోయే చేతికి, ఎక్కువగా ఎడమ చేతికి, సూదులు వేయనివ్వొద్దని సీనియర్లు చెబుతారు. నూటికి నూరుపాళ్లు పాటించాల్సిన మాట ఇది. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, బరువులు మోయకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. రోజూ పొద్దున్నే లేవగానే వేలు పెట్టి చూసుకోవాలి. ఝుమ్మనడం ఆగిపోయిందంటే మరుసటి సెషన్ దాకా ఆగొద్దు. వెంటనే సెంటర్‌కి ఫోన్ చేయాలి. ఇంటికొచ్చాక సూది వేసిన చోట రక్తం కారితే వేలితో గట్టిగా అదిమి పట్టి ఉంచాలి, ఆగకపోతే ఆస్పత్రికి పరిగెత్తాలి.

"పసరు తాగి మానేశాడు".. ఈ కథ ఎలా పుట్టింది?

ప్రతి సెంటర్‌లోనూ ఒక కథ తిరుగుతుంటుంది. ఫలానా ఊళ్లో ఒకాయన పది డయాలసిస్‌లు చేయించుకుని, ఎవరో ఇచ్చిన ఆకు పసరు తాగి పూర్తిగా మానేశాడట. ఇప్పుడు పొలం పనులు కూడా చేసుకుంటున్నాడట. చెప్పేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు, ఆ మనిషి నిజంగానే ఉండి ఉండొచ్చు.

అయితే కిడ్నీలు దెబ్బతినడంలో రెండు రకాలున్నాయి. పాము కాటు, తీవ్రమైన ఇన్ఫెక్షన్, విపరీతమైన విరేచనాలు, కొన్ని మందుల వల్ల హఠాత్తుగా దెబ్బతినడం ఒకటి. ఇందులో చాలామందికి కొన్ని వారాల్లో కిడ్నీలు కోలుకుంటాయి, డయాలసిస్ ఆపేస్తారు. రెండోది షుగర్, బీపీ లాంటివాటితో ఏళ్ల తరబడి మెల్లగా పాడవడం. పూర్తిగా పాడయ్యాక అవి తిరిగి రావు. మొదటి రకం పేషెంట్ కోలుకునే సమయంలో పసరు తాగితే పేరు పసరుకు వస్తుంది. దాన్ని నమ్మి రెండో రకం పేషెంట్ సెషన్లు మానేస్తే వారం పది రోజుల్లో ఐసీయూలో తేలతాడు. పైగా కొన్ని నాటు మందుల్లో, భస్మాల్లో సీసం, పాదరసం లాంటివి ఉండొచ్చు. మిగిలిన కాస్త కిడ్నీని కూడా అవే తినేస్తాయి.

"ఒకసారి మొదలెడితే ఒళ్లు అలవాటు పడిపోతుంది, జీవితాంతం చేయించుకోవాల్సిందే" అన్న భయం కూడా ఇలాంటిదే. జీవితాంతం కావాల్సి వచ్చేది కిడ్నీలు పాడైనందుకు, డయాలసిస్ చేసినందుకు కాదు. ఈ ఒక్క మాట నమ్మి ఆలస్యం చేసి, ఊపిరి ఆడని స్థితిలో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

సలహా మంచిదే అయినా మనిషిని బట్టి మారేవి కొన్ని ఉంటాయి. "నేను రోజుకు లీటరున్నర తాగుతాను, ఏం కాలేదు" అని పక్క బెడ్ అన్న అంటే, ఆయనకు ఇంకా యూరిన్ వస్తోందా అన్నది ముందు అడగాలి. డయాలసిస్ రోజు పొద్దున బీపీ మాత్ర కొందరికి ఆపమంటారు, కొందరికి వేసుకోమంటారు. రెండూ కరెక్టే, ఎవరి మాట వాళ్లకే. "ఈ ఒక్కసారి ఎగ్గొట్టినా ఏం కాదు" అన్న మాటకు మాత్రం ఎవరి విషయంలోనూ మినహాయింపు లేదు. వారంలో వచ్చే రెండు రోజుల గ్యాప్ తర్వాతే మరణాలు ఎక్కువని ఇప్పటికే పరిశోధనల్లో తేలింది. ఆ గ్యాప్ ఇంకా పెంచుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఆ బెడ్ ఖాళీ అయితే..

అందరూ దాటేసే విషయం ఒకటుంది. వారానికి మూడు రోజులు కబుర్లు చెప్పిన మనిషి ఒకరోజు రాడు. ఆ బెడ్ మీద కొత్త షీట్ వేసి ఉంటుంది. సిస్టర్‌ని అడగడానికి ఎవరికీ నోరు రాదు. ఆ రోజు షిఫ్టంతా టీవీ చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. డయాలసిస్ పేషెంట్లలో డిప్రెషన్ చాలా ఎక్కువ. తిండి మానేయడం, మాట్లాడకపోవడం, సెషన్లు ఎగ్గొట్టడం మొదలైతే ఇంట్లోవాళ్ల కంటే ముందు పసిగట్టేది పక్క బెడ్ వాళ్లే. అలాంటప్పుడు ధైర్యం చెప్పడంతో ఆగకుండా సిస్టర్‌కో, డాక్టర్‌కో ఒక మాట చెవిన వేయాలి. అది చాడీ కాదు.

ధైర్యం చెప్పడానికి నిజాలే సరిపోతాయి. 1960 మార్చిలో అమెరికాలోని సియాటిల్‌లో క్లైడ్ షీల్డ్స్ అనే మెషినిస్టుకు దీర్ఘకాల డయాలసిస్ మొదలుపెట్టారు. అప్పటికి ఆ పద్ధతిలో బతికి చూపించినవాడు ఇంకెవరూ లేరు. ఆయన మరో 11 ఏళ్లు బతికాడు. ఇప్పటి మెషీన్లు, మందులు అప్పటికంటే ఎంతో మెరుగు.

డబ్బు విషయాలు, కాగితాల పని కూడా తోటివాళ్లకే బాగా తెలుసు. డయాలసిస్ పేషెంట్లకు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 10,000 రూపాయలు, తెలంగాణలో 2,016 రూపాయలు పింఛన్ ఉంది. ఏ ఆఫీసులో ఏ కాగితం అడుగుతారో నిన్న తిరిగొచ్చినవాడికంటే బాగా చెప్పేవాళ్లు లేరు. కిడ్నీ మార్పిడికి జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోమని గుర్తుచేసేదీ వాళ్లే. అదే హాల్లో "కిడ్నీ నేను ఇప్పిస్తా, ఇన్ని లక్షలవుతుంది" అని ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం కిడ్నీ అమ్మినా, కొన్నా, మధ్యలో కుదిర్చినా నేరమే.

ఇక సంక్రాంతికి ఊరెళ్లడం. డయాలసిస్ మొదలయ్యాక సొంతూరి మీద ఆశ వదులుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ అవసరం లేదు. ఊరికి దగ్గర్లోని సెంటర్‌కి ముందుగానే ఫోన్ చేసి స్లాట్ ఖాయం చేసుకోవాలి. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి తాజా రిపోర్టులు, డ్రై వెయిట్, హెపారిన్ డోస్ రాసిన కాగితం వెంట పెట్టుకోవాలి. ఆ రిపోర్టులు లేకపోతే ఎక్కడా మెషీన్ ఎక్కించరు. పండగ రోజుల్లో స్లాట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి బస్సు టికెట్ కంటే ముందు ఆ ఫోన్ చేసుకోవడం మంచిది.