చుక్క ఎందుకు మసకబారింది?

శాంతిపురంలో గాని, కుప్పంలో గాని, పుంగనూరు, మదనపల్లెల వైపు గాని ఉన్న పిల్లలూ! ఈసారి అమావాస్యనాటి రాత్రి భోజనాలైన తరవాత ఊరి దీపాలు కంటపడని చోటికి పెద్దవాళ్ళతో కలిసి వెళ్ళండి. ఆగ్నేయ మూలగా తిరిగి నిలబడండి. మీకు ఎదురుగా, దూరాన, తమిళనాడులో జవ్వాది కొండలున్నాయి. ఆ కొండల మీద కావలూరు అనే చిన్న ఊరున్నది. పేరులోనే కావలి ఉన్న ఆ ఊళ్ళో రాత్రంతా మేలుకుని ఆకాశానికి కావలి కాసేవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ ఒక వేధశాల ఉన్నది.

వేధశాల అంటే టెలిస్కోపులు పెట్టి గ్రహాలనూ నక్షత్రాలనూ పరిశీలించే చోటు. ఆ కొండమీద ఒక రాత్రి ఒక చుక్క కొద్ది సెకన్లపాటు మసకబారింది. ఇంతేనా అంటారేమో! కాని ఆ కొద్ది సెకన్ల వల్ల పెద్దవాళ్ళు చదువుకున్న పాఠం ఒకటి మారిపోయింది. అదెలాగో చెబుతాను, వినండి.

సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాలలో యురేనస్ ఒకటి. దాన్ని 1781లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. అది సూర్యుడికి సుమారు 290 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నది. సూర్యుడి వెలుగు మనను చేరటానికి ఎనిమిది నిమిషాలు చాలు. యురేనస్‌ను చేరటానికి రెండున్నర గంటలకు పైగా పడుతుంది. అంత దూరాన ఉన్నదాన్ని పెద్ద టెలిస్కోపులో చూసినా చిన్న బిళ్ళలాగా కనిపిస్తుంది తప్ప దాని వివరాలు తెలియవు.

అయితే ఒక ఉపాయం ఉన్నది. గ్రహం కదులుతూ ఉంటుంది గనక ఎప్పుడో ఒకసారి ఏదో ఒక నక్షత్రానికి అడ్డం వస్తుంది. ఆ నక్షత్రం ఎప్పుడు మరుగైందీ, ఎప్పుడు మళ్ళీ కనిపించిందీ సరిగా కొలిస్తే గ్రహం ఎంత పెద్దదో, దాని చుట్టూ గాలి ఉన్నదో లేదో లెక్క కట్టవచ్చు. 1977 మార్చి 10వ తేదీ రాత్రి యురేనస్ తులారాశిలోని ఒక నక్షత్రానికి అడ్డం వస్తుందని శాస్త్రజ్ఞులు ముందుగానే లెక్క వేశారు. ఆ సమయానికి కావలూరులోని ఒక మీటరు టెలిస్కోపు సిద్ధంగా ఉన్నది. మన లెక్కన అప్పటికి అర్ధరాత్రి దాటింది. జె. సి. భట్టాచార్య, కుప్పుస్వామి అనే శాస్త్రజ్ఞులు ఆ నక్షత్రం వెలుగును యంత్రంతో కొలుస్తున్నారు.

గ్రహం అడ్డం రావలసిన వేళ ఇంకా కాలేదు. అయినా నక్షత్రం ఉన్నట్టుండి మసకబారి, కొద్ది సెకన్లలో మళ్ళీ మామూలుగా వెలిగింది!

మబ్బు పట్టిందా? లేదు. యంత్రం చెడిందా? అదీ కాదు. మరి అడ్డం వచ్చినదేమిటి? యురేనస్‌కు మనకు తెలియని ఉపగ్రహం, అంటే మరొక చందమామ, ఉన్నదేమోనని కావలూరు శాస్త్రజ్ఞులు అనుకున్నారు. ఆ సంగతే రాసి ప్రకటించారు.

అదే రాత్రి మరికొందరు కూడా అదే నక్షత్రాన్ని చూస్తున్నారు. జేమ్స్ ఎలియట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ టెలిస్కోపు అమర్చిన విమానంలో హిందూ మహాసముద్రం మీద ఎగురుతున్నారు. వాళ్ళ యంత్రంలో గ్రహం అడ్డం రాకముందు నక్షత్రం ఐదుసార్లు మసకబారింది. గ్రహం దాటిపోయాక మళ్ళీ ఐదుసార్లు మసకబారింది. ముందు ఎంతెంత దూరాలలో జరిగిందో, తరవాత కూడా ఇంచుమించు అంతంత దూరాలలోనే జరిగింది.

దీని అర్థమేమిటో ఒక ఉపమానంతో చెబుతాను. చీకట్లో దూరాన ఒక దీపం వెలుగుతున్నదనుకోండి. మీకూ దీపానికీ మధ్య ఎవరో అడ్డంగా నడిచిపోతున్నారు. మనిషి కనపడడు, దీపం మాత్రం కనిపిస్తుంది. మొదట దీపం క్షణంపాటు మరుగైంది. ఇంతవరకే చూస్తే ఎవరో పిల్లవాడు ముందు నడుస్తున్నాడనుకుంటారు. తరవాత మనిషి అడ్డం వచ్చాడు. ఆ తరవాత అంతే దూరాన దీపం మళ్ళీ క్షణంపాటు మరుగైంది. అప్పుడు మీకు తెలిసిపోతుంది. పిల్లవాడూ కాదు, ఎవరూ కాదు. ఆ మనిషి భుజాన కావడి ఉన్నది! ముందొక కుండ, వెనకొక కుండ.

యురేనస్ సంగతీ అంతే. ఐదు ఉపగ్రహాలు ఒకవైపూ, సరిగ్గా అంతే దూరాలలో మరో ఐదు రెండోవైపూ నిలబడి ఉండటం జరిగే పని కాదు. గ్రహం చుట్టూ వలయాలు ఉంటేనే రెండువైపులా ఒకే తీరున నక్షత్రం మసకబారుతుంది. కావలూరు వారు తమ కొలతలను మళ్ళీ పరిశీలించి, శనిగ్రహానికి వలె యురేనస్‌కు కూడా వలయాలున్నాయని అదే సంవత్సరం రాశారు. మొదటి ఊహ సరికాదని తేలితే దాన్ని దిద్దుకోవటానికి వాళ్ళు సిగ్గుపడలేదు. శాస్త్రం ఎదిగేది ఇట్లాగే.

అంతవరకూ వలయాలున్న గ్రహం శని ఒక్కటేనని అందరూ నమ్మేవాళ్ళు. 1979లో గురుగ్రహానికీ, 1989లో నెప్ట్యూన్‌కూ వలయాలున్నట్టు వాయేజర్ నౌకలు ఫోటోలు తీసి చూపాయి. యురేనస్ వలయాలు ఇప్పటికి 13 తెలుసు. అవి బొగ్గులాగా నల్లనివి గనకనే అన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.

ఇంతకూ ఆ కొండమీదికి టెలిస్కోపును తెచ్చినది ఎవరు? వైను బప్పు. ఆయన 1927లో మద్రాసులో పుట్టాడు. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసేవాడు. బప్పు అక్కడే నిజాం కాలేజీలో చదివాడు. 1949లో అమెరికాలో చదువుకుంటూ ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. దానికి ఆయన పేరూ, మరి ఇద్దరి పేర్లూ పెట్టారు. పెద్ద చదువు చదివిన తరవాత ఆయన స్వదేశానికి తిరిగి వచ్చాడు. మంచి చీకటి ఉండి, ఉత్తరపు నక్షత్రాలతోపాటు దక్షిణపు నక్షత్రాలు కూడా బాగా కనిపించే చోటు కోసం వెతికి కావలూరును ఎంచుకున్నాడు.

మన దేశంలోనే ఒక పెద్ద టెలిస్కోపును తయారుచేయాలని ఆయన కోరిక. 2.34 మీటర్ల అద్దం గల టెలిస్కోపు పని మొదలైంది. కాని అది పూర్తికాకముందే, 1982లో, 55వ ఏట ఆయన మరణించాడు. తోటివారు పని ఆపలేదు. 1986 జనవరిలో ఆ టెలిస్కోపుకూ వేధశాలకూ ఆయన పేరే పెట్టారు. విచిత్రమేమిటంటే, అదే నెల 24వ తేదీన వాయేజర్-2 నౌక యురేనస్ పక్కగా పోతూ ఆ నల్లని వలయాలను దగ్గరనుంచి ఫోటోలు తీసింది.

ఇప్పుడు మన దేశంలో అంతకన్న పెద్ద టెలిస్కోపు ఉన్నది. హిమాలయాల వైపు దేవస్థల్‌లో ఉన్న దాని అద్దం 3.6 మీటర్లు. అయినా కావలూరు కొండ తన కావలి మానలేదు.

దానికి కావలసినది మాత్రం ఒకటున్నది: చీకటి. మనం వీధిలో పెట్టే దీపం నేలను వెలిగిస్తే దారి కనిపిస్తుంది. ఆకాశాన్ని వెలిగిస్తే చుక్కలు కనపడకుండా పోతాయి. కనక దీపానికి పైన ఒక మూత ఉంటే దారికీ మంచిది, చుక్కలకూ మంచిది. ఈ మాట మీ ఇంట్లో పెద్దవాళ్ళతో చెప్పండి.

ఇక ఆకాశం వంక చూడండి. ఏదైనా చుక్క మసకబారిందా? మబ్బేమో, మీ కన్ను చెదిరిందేమో ముందు చూసుకోండి. అవేవీ కాకపోతే ఎందుకని అడగండి. ఆ ప్రశ్న అడగటానికి టెలిస్కోపు అక్కరలేదు.