కూడిక కరెక్టే, లైన్ తప్పు

1980లలో అమెరికాలో సాఫ్ట్‌వేర్ కాగితం మీద కూడా అచ్చయ్యేది. నమ్మరు కదా? కమొడోర్ 64 లాంటి హోమ్ కంప్యూటర్ ఉన్నవాళ్లు మ్యాగజైన్ కొని, అందులోని ప్రోగ్రాంని లైన్ లైన్ చూసుకుంటూ టైప్ చేసేవాళ్లు. 'కంప్యూట్స్ గెజిట్' పత్రిక 1984 జనవరిలో స్పీడ్‌స్క్రిప్ట్ అనే వర్డ్ ప్రాసెసర్‌నే ఇలా ఇచ్చింది. పేజీల నిండా అంకెలే!

మరి ఒక్క అంకె తప్పు పడితే? దానికోసమే అదే పత్రిక 1983లో ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్ అనే బుల్లి యుటిలిటీ వేసింది. రాసింది చార్లెస్ బ్రానన్. ముందు దీన్నే టైప్ చేయాలి. (మరి దీంట్లోనే తప్పు పోతే? తన డేటా అంకెల మొత్తాన్ని తనే సరిచూసుకుంటుంది.) రన్ చేస్తే వెళ్లి క్యాసెట్ బఫర్‌లో కూర్చుంటుంది, అంటే 192 బైట్ల జాగాలో. ఆ తర్వాత టేప్ వాడారో, పోయినట్టే. అక్కడినుంచి ఏ లైన్ కొట్టి రిటర్న్ నొక్కినా స్క్రీన్ పై మూలలో ఒక సంఖ్య వస్తుంది. పత్రికలో ఆ లైన్ చివర అదే సంఖ్య ఉంటే ఓకే.

లోపల ఉన్నది మనకు తెలిసిన చెక్‌సమ్మే. స్పేస్‌లు వదిలేసి అక్షరాల కోడ్‌లు కూడుతుంది, అంతే. ఆ "అంతే" దగ్గరే నేను బోల్తా పడ్డా.

ఎమ్యులేటర్‌లో ఒక పాత లిస్టింగ్ కొడుతూ పోక్ 53281,0 బదులు 53218,0 అని కొట్టా. సంఖ్య కలిసింది. రన్ చేస్తే ఎర్రర్ లేదు, కానీ నల్లగా మారాల్సిన స్క్రీన్ నీలంగానే ఉంది. గంటన్నర వెతికా. అంకెలు అటూఇటూ అయినా కూడిక మారదు కదా! 53281 బ్యాక్‌గ్రౌండ్ రంగు రిజిస్టర్. 53218 ఉత్త ర్యామ్. సున్నాని అక్కడ రాసుకుని మెషీన్ గమ్మునుంది.

1986లో వచ్చిన కొత్త ప్రూఫ్‌రీడర్ అక్షరం ఎన్నో స్థానంలో ఉందో కూడా లెక్కలోకి తీసుకుంది. ఐడియా సింపుల్: మొదటి అంకెని 1తో, రెండోదాన్ని 2తో, అలా గుణించి కూడండి. 53281కి 54 వస్తుంది, 53218కి 61. దొరికిపోయింది!

మన ఆధార్‌లో 12వ అంకె పనీ ఇదే. అది వెర్‌హోఫ్ పద్ధతి, ఇంకా గట్టిది. మొన్న నాయనమ్మ నంబర్ ఫారంలో కొడుతూ రెండంకెలు తారుమారు చేశా. ఈసారి గంటన్నర పట్టలేదు, వెంటనే ఎర్ర అక్షరాలు వచ్చేశాయి.